"రైతు పేరు" అనే గడి

ఆర్గానిక్ సర్టిఫికెట్ కోసం గుంపు నమోదు చేసే ఫారంలో మొదటి గడి దగ్గరే ఆగిపోయాను. "రైతు పేరు" అని ఉంది. మా వాకిట్లో చాప మీద ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరూ చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పినవాళ్ళే. పరిగి అత్త, షాబాద్ వదిన, మోమిన్‌పేట చిన్నమ్మ, తాండూరు అవ్వ, పెద్దమ్మ, అమ్మ. మా దగ్గర కోడళ్ళను పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. పాతికేళ్ళుగా నేనూ అలాగే పిలుస్తున్నాను. అమ్మ, పెద్దమ్మ తప్ప మిగతా నలుగురి అసలు పేర్లు నాకు తెలియవని ఆ రోజే తెలిసింది.

"అత్తా, నీ పేరేంది?" అని అడిగితే పరిగి అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గిప్పుడు యాదికొచ్చిందా బిడ్డా?" అంది.

అది 2022 జూన్. తొలకరి ఇంకా పడలేదు.

నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తాను, అత్తాపూర్‌లో అద్దెకుంటాను. మా ఊరు చేవెళ్ల దారిలో రోడ్డు దిగి లోపలికి వెళ్ళాలి. మెహదీపట్నంలో బస్సెక్కితే, మొయినాబాద్ వైపు మర్రిచెట్లు రోడ్డుకు రెండు పక్కలా గొడుగు పట్టినట్టు వచ్చేదాకా సిటీ వదలదు. మాకు ఎకరన్నర, సగం చెల్క, సగం నల్లరేగడి, ఒక బోరు. పట్టా నాన్న పేరు మీద ఉంది. నాన్న పదేళ్ళుగా లంగర్‌హౌస్‌లో ఆటో నడుపుతున్నాడు. సేద్యం అమ్మది. ఇప్పుడింత సులువుగా రాస్తున్నాను కానీ, కాలేజీ ఫారాల్లో తండ్రి వృత్తి దగ్గర "వ్యవసాయం" అని, తల్లి వృత్తి దగ్గర "గృహిణి" అని రాసింది నేనే.

మందులు లేని సాగు ఆలోచన మా తమ్ముడిది. బీటెక్ అయ్యాక హైటెక్ సిటీలో చేరిన ఉద్యోగం కరోనాలో పోయింది, ఊరికొచ్చాడు. ఇంట్లో కూర్చుని కూర్చుని అమ్మ వెంట చేలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. వాడు గమనించిన ఒక విషయం నేను అన్నేళ్ళూ చూసి కూడా చూడలేదు. మందు పంపు భుజానికి తగిలించుకునేది మగవాళ్ళే. కానీ దానికి నీళ్ళు మోసి కలిపేది, మర్నాడు అదే చేలో వంగి కలుపు తీసేది, కాయ కోసి ఒళ్ళో వేసుకునేది ఆడవాళ్ళు. స్ప్రే చేసిన రోజుల్లో అమ్మ రాత్రిపూట చేతులు మండుతున్నాయని కొబ్బరినూనె రాసుకునేది. చేతులకు పని ఎక్కువై అలా ఉంటుందనుకునేవాళ్ళం.

పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) గురించి చెప్పింది వాడే. ఆర్గానిక్ అని ముద్ర వేయించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇవ్వడం. ఎగుమతులకు అదే కావాలి, ఖర్చు మా బోటి వాళ్ళ వల్ల కాదు. రెండోది పీజీఎస్. దగ్గర దగ్గర ఊళ్ళలో కనీసం 5 మంది రైతులు గుంపు కట్టాలి, ప్రమాణ పత్రం మీద సంతకాలు పెట్టాలి, ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుని సాక్ష్యం పలకాలి. మందుల సాగు నుంచి మారే కాలంలో ఇచ్చేది పీజీఎస్ గ్రీన్, ఆ తర్వాత పీజీఎస్ ఆర్గానిక్. కూరగాయల్లాంటి పంటలకు 24 నెలలు, తోటలకు 36 నెలలు పడుతుంది. నిజానికి తినేవాళ్ళకు నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు, ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉంటే ఈ సర్టిఫికెట్ తప్పనిసరి కాదని నాకు తర్వాత తెలిసింది. అయినా చేయించేదాన్నే. అత్తాపూర్ అపార్ట్‌మెంట్లలో ధర కంటే ముందు అడిగేది "సర్టిఫికెట్ ఉందా?" అనే.

పేర్లు రాసుకోవడం అయ్యాక అసలు చిక్కు వచ్చింది. పాసుబుక్కు జిరాక్సులు కావాలన్నారు. ఆరుగురిలో పాసుబుక్కు ఉన్నది ఇద్దరికి. పెద్దనాన్న పోయాక విరాసత్‌లో పెద్దమ్మ పేరు మీదికి వచ్చింది. మోమిన్‌పేట చిన్నమ్మకు తమ్ముళ్ళు లేరు కాబట్టి పుట్టింటివాళ్ళు ఇక్కడ ఎకరం కొనిచ్చారు. అంటే ఒకరికి మొగుడు పోతే వచ్చింది, ఒకరికి తమ్ముళ్ళు లేకపోతే వచ్చింది. అమ్మకు, పరిగి అత్తకు, షాబాద్ వదినకు భూమి భర్తల పేరు మీద ఉంది. తాండూరు అవ్వది కౌలు. ఆమెకు ఏ కాగితమూ లేదు.

ఆ రాత్రి అత్తాపూర్ వచ్చి నిద్రపట్టక ఫోన్‌లో వెతికాను. 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్ళు నడుపుతున్నట్టు లెక్కకెక్కిన కమతాలు దేశం మొత్తం మీద నూటికి 14 కూడా లేవు. ఆ లెక్కలో మా అమ్మ లేదన్నమాట. ఆమె లేకుండా మా ఎకరన్నర ఒక్క రోజు కూడా నడవదు.

మాకు సాయం చేస్తున్నాయన సులువైన దారి చెప్పాడు. "భర్తల పేర్లు రాసేయండమ్మా, మీటింగులకు వీళ్ళొస్తారు." కాగితం ముందుకు జరగడానికి అది చాలు. నేను సరే అనబోయాను కూడా. అప్పటిదాకా నోరు మెదపని షాబాద్ వదిన, "గట్లయితే మా ఆయననే పెండ పిసుకమను" అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, భూమి భర్తదైనా సాగు భార్యదని ఇద్దరూ రాసి సంతకాలు పెడితే తీసుకుంటానన్నాడు. మూడు ఇళ్ళలో రెండు వారాలు పట్టింది.

తాండూరు అవ్వ సంగతి మాత్రం తెమల్లేదు. ఆమె కౌలుకు చేసే ఎకరం యజమాని సిటీలో ఉంటాడు. నేనూ తమ్ముడూ వెళ్ళి అడిగాం. మర్యాదగానే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. కౌలు అని కాగితం మీద రాస్తే రేపు భూమి నాదంటుంది, రాయను అన్నాడు. ఆరుగురిలో సాగు అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి పేరు లేకుండానే గుంపు నమోదైంది. ఐదుగురు, సరిగ్గా కనీసానికి సరిపోయింది.

నేలకు బలానికి పోసే జీవామృతం మొదటిసారి నేనే కలిపాను, వీడియో చూసి. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల నాటు ఆవు పెండ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి, మిగతా నీళ్ళు. రెండు రోజులు నీడలో పెట్టి పొద్దున, సాయంత్రం కలియతిప్పాలి. ఎకరానికి సరిపోతుంది. అంతా సరిగ్గానే చేశాను, ఈగలు పడతాయని మూత బిగించాను. మర్నాడు మధ్యాహ్నం డ్రమ్ము మూత ఎగిరి కొట్టం రేకులకు తగిలింది. తమ్ముడి చొక్కా, మా కుక్క, ఆరేసిన బట్టలు అన్నీ పులిసిన బెల్లం వాసన. తాండూరు అవ్వ వచ్చి చూసి, "గాలాడకుంటే ఏ పానం బతుకుతది బిడ్డా?" అని మూత తీసి గోనె సంచి కప్పింది. ఆమె ఎప్పుడూ జీవామృతం అన్న మాట వినలేదు. పుల్లగంజి పాత్రకు మూత బిగించకూడదని మాత్రం తెలుసు.

ఆ ఏడాది దిగుబడి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. టమాటా దాదాపు సగానికి పడింది, వంకాయలో కాయతొలుచు పురుగు. ఊళ్ళో ఎకసెక్కాలు మాత్రం బాగా పండాయి. "బీటెక్ సదివి పెండ తీస్తున్నడు" అనే మాట తమ్ముడి ముందే అనేవాళ్ళు. రెండు సంబంధాలు ఆ మాటతోనే వెనక్కి పోయాయి. పిల్లాడు బాగున్నాడు, సిటీలో చిన్నదైనా ఉద్యోగం ఉంటే చూద్దామన్నారు. నేను అదే ఊరికి వారం వారం వెళ్ళి అదే పెండ పిసికితే, "ఉద్యోగం చేసుకుంట కూడ తల్లిని సూసుకుంటుంది" అని మెచ్చుకున్నారు. వాడికి తగలాల్సిన మెప్పు కూడా నాకే తగిలింది. దాని మీద వాడికి ఇప్పటికీ కోపం ఉంది, న్యాయమైన కోపమే.

2023 సంక్రాంతి దాటాక ఆరుగురినీ తీసుకుని ముంబై హైవే మీదుగా జహీరాబాద్ వైపు వెళ్ళాం, పాత పంటల జాతరకు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏటా చేసే జాతర అది. ఎడ్లబండ్లకు గంపల్లో విత్తనాలు పేర్చి ఊరూరూ తిప్పుతారు. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్ళు. వాళ్ళకు 2008 నుంచి సొంత రేడియో ఉంది, 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఇవన్నీ నేను బస్సులో చదివి వినిపిస్తే ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ దిగాక అమ్మ చూపు మాత్రం ఒకచోటే ఆగింది. మైకు పట్టుకుని మాట్లాడుతున్నది తన వయసు ఆడమనిషే. సర్పంచి పక్కన ఉన్నా మాట తడబడటం లేదు.

తాండూరు అవ్వ బండి నుంచి బండికి తిరుగుతూ వేళ్ళు మడుస్తోంది. ఏంటని అడిగితే, తన చిన్నప్పుడు ఇంట్లో ఉండి ఇప్పుడు లేని విత్తనాల లెక్క అట. సామ, కొర్ర, అవిసె, నల్ల కంది. తాండూరు కందిపప్పుకు అంతకు నెల ముందే భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెప్పాను. "గుర్తింపొచ్చిందా? మరి ఇత్తు ఎవలి దగ్గరుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గుప్పెడు నల్ల కంది అడిగి తీసుకుని కొంగున కట్టుకుంది. ఆ ఏడాది వేసి, కాసినదాన్ని బూడిద కలిపి, వేపాకు వేసి, పెండతో అలికిన గుమ్మిలో దాచింది. ఇప్పుడు మా ఐదుగురి చేలల్లో గట్ల వెంట ఉన్న కంది అంతా ఆ గుప్పెడే.

జాతర నుంచి వచ్చిన వారానికి అమ్మ మొదటిసారి నాన్నను భూమి అడిగింది. అంతా కాదు, 20 గుంటలు. అంటే అరెకరం. నాన్న గొడవ పెట్టలేదు, కాకపోతే అర్థం కానట్టు చూశాడు. "ఇంట్ల ఇంట్ల కాగితమెందుకే?" అన్నాడు. ఆ మాటకు ఎవరి దగ్గరా ఎదురు మాట లేదు, ఎందుకంటే ఆయన ప్రేమగానే అన్నాడు. చివరికి పని చేసింది తమ్ముడి లెక్క. రైతుబీమా పట్టాదారుకే వర్తిస్తుంది, 18 నుంచి 59 ఏళ్ళ లోపు. ఇంట్లో ఒక్కరి పేరు మీదే పట్టా ఉంటే ఒక్కరికే బీమా. అమ్మ పేరు మీద గుంటెడు భూమి ఉన్నా ఆమెకూ 5 లక్షల బీమా ఉంటుంది, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. రైతుబంధు అప్పుడు ఎకరాల లెక్కన వచ్చేది కాబట్టి ఇంటికి వచ్చే మొత్తం ఏమీ తగ్గదు. నాన్న రాత్రంతా ఆలోచించి పొద్దున "సరే, రాపిద్దాం" అన్నాడు. న్యాయం గురించి నేను చెప్పిన ఉపన్యాసాలేవీ ఆయన చెవికెక్కలేదు, అది కూడా రాయాలి.

గిఫ్ట్ రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేశాం. మొదటి రోజు వెళ్తే ఆఫీసులో నెట్ లేదు, మధ్యాహ్నం దాకా కూర్చుని తిరిగొచ్చాం. రెండోసారి అమ్మ వేలిముద్రలు పడలేదు. పెండలో, మట్టిలో, బూడిదలో అరిగిన వేళ్ళు. కడిగి, తుడిచి, నూనె రాసి, ఏడోసారికి ఒక్క వేలు పడింది. ఆ వేలు కింద పెట్టకుండా అమ్మ అలాగే పట్టుకుని నిల్చుంది, ఇంకా ఏమన్నా అడుగుతారేమో అని. జూన్‌లో రైతుబంధు 2500 రూపాయలు అమ్మ ఖాతాలో పడ్డాయి. మెసేజ్ మాత్రం నాన్న ఫోన్‌కు వచ్చింది, ఖాతాకు ఇచ్చిన నంబరు ఆయనదే. మార్పించడానికి నాకు ఒక సెలవు ఖర్చయింది.

ఇక ఆ ఆగస్టు. మాది రెండో తనిఖీ. ఐదుగురూ వరసగా ఒకరి చేను ఒకరు చూసుకోవాలి, తమ్ముడు ఫోటోలు తీసి పోర్టల్‌లో ఎక్కిస్తాడు, నేను రాసుకుంటాను. షాబాద్ వదిన చిక్కుడు పందిరి మిగతా అందరి కంటే నిగనిగలాడుతోంది. మా చిక్కుడు మీద పేనుబంక నల్లగా అట్టకట్టి ఉంది, నీమాస్త్రం, అంటే వేపాకు ద్రావణం, రెండుసార్లు కొట్టినా లొంగలేదు. వదిన చేలో ఒక్కటి లేదు. పెద్దమ్మ ఆకు తిప్పి చూసింది, వాసన చూసింది, ఏమీ అనలేదు. గట్టు మీద సీతాఫలం చెట్టు కింద మట్టిలోంచి ఎర్ర మూత కనిపించింది. పరిగి అత్త కాలితో మట్టి తోస్తే సీసా బయటపడింది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చినుకులు పడుతున్నాయి, ఎవరూ కదల్లేదు. వదిన ముఖం చూస్తే ఆమెకు తెలియదని అర్థమవుతోంది. అన్న రాత్రిపూట కొట్టి ఉంటాడు. పంట పోతుందని భయం, అప్పు ఉంది, ఆయనను కూడా ఏమనగలం?

నిజం చెప్తున్నాను, నా బుర్రలో మొదట వచ్చింది లెక్క. ఐదుగురిలో ఒకరు పోతే గుంపు ఉండదు. 14 నెలల పని పోతుంది. "ఒక్కసారే కదా, ఈసారికి రాయకుండా ఉందాం" అన్నాను. ఫారం నా చేతిలోనే ఉంది, పెన్ను నా చేతిలోనే ఉంది. అమ్మ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. తిట్టలేదు. "నువ్వు అమ్మే ఆ అపార్ట్‌మెంట్ల పిల్లలు లేరా?" అంది అంతే.

అప్పుడు వదినే సీసా తీసి చేతిలో పట్టుకుని, "నేనే చెప్తున్న, నాది మళ్ల మొదలుకెంచి రాయి" అంది. గుంపులో నుంచి తీసేయాలా, ఉంచి లెక్క మొదటికి తేవాలా అని అక్కడే, వానలోనే మాట్లాడుకున్నారు. ఉంచాలన్నారు, ఐదుగురూ ఒప్పుకున్నారు. ఆమె చేను 24 నెలలు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలు. ఆ చిక్కుడు మా గంపల్లో కలపకూడదు, మామూలు మార్కెట్‌కు పోవాలి. మీటింగ్ రిజిస్టర్‌లో అదంతా నా చేతిరాతలో ఉంది. సాయంత్రం ఇంటికొచ్చాక అన్న వచ్చి అమ్మ ముందు తలొంచుకుని కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టింది. ఆ తర్వాత వారం తమ్ముడు ఐదు చేలల్లోనూ పసుపు జిగురు అట్టలు కట్టాడు, బంతి, అలసంద గట్లకు వేయించాడు. బంకను తినే అక్షింతల పురుగులు వస్తాయన్నాడు. వచ్చాయి, ఆలస్యంగా.

అమ్మకం గురించి చెప్తే ఇంకో కథ అవుతుంది, కొంచెమే చెప్తాను. ఆదివారాలు అత్తాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గంపలు దించుతాం. ఒకావిడ వంకాయ విరిచి "ఆర్గానిక్ అన్నారు, పురుగుందేంటి?" అంటుంది. ఆమె వెనకాలే ఇంకొకావిడ "ఒక్క పురుగూ లేదు, నిజంగా ఆర్గానికేనా?" అంటుంది. 2023 జూలైలో టమాటా బజారులో కిలో 100 దాటినప్పుడు మేం ఎంతకు అమ్మాలో పెద్ద చర్చ జరిగింది. ఏడాదంతా 40కే అమ్ముతామని మాట ఇచ్చాం కాబట్టి 40కే అమ్మాలని నేను, తమ్ముడు. మోమిన్‌పేట చిన్నమ్మ ఒప్పుకోలేదు. "కిలో 5 రూపాయలకు పడిపోయి రోడ్డు మీద పారబోసిన దినం మీ అపార్ట్‌మెంటోళ్ళు 40 ఇచ్చిండ్రా?" అంది. 70కి అమ్మాం. ఆమె చెప్పిందే సరైనదని ఇప్పుడనిపిస్తుంది.

ఆ డిసెంబర్ 9 నుంచి బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం కావడంతో మా లెక్కే మారిపోయింది. అంతకుముందు తమ్ముడు ఒక్కడే ఆటో మాట్లాడుకుని తెచ్చేవాడు, వాళ్ళు ఊళ్ళోనే ఉండేవాళ్ళు. ఇప్పుడు జీరో టికెట్ తీసుకుని ఇద్దరిద్దరు వంతులవారీగా వస్తారు. గంపలకు లగేజీ టికెట్ మాత్రం కండక్టర్‌ను బట్టి. ఎవరి సరుకు వాళ్ళే అమ్ముకోవడం మొదలయ్యాక, సెల్లార్‌లో వాళ్ళను జనం అసలు పేర్లతో పిలవడం మొదలుపెట్టారు, గారు చేర్చి. పరిగి అత్త మొదటిసారి పలకలేదు, తనను కాదనుకుని.

2024 వానాకాలంలో సర్టిఫికెట్లు వచ్చాయి, నాలుగు చేలకు. షాబాద్ వదినది గ్రీన్ దగ్గరే ఉంది.

అంతకు ముందు ఎండాకాలమే తాండూరు అవ్వ కౌలు చేసే ఎకరం చుట్టూ కడీలు పాతి తీగ కట్టారు. ప్లాట్ల బోర్డు పడింది. రెండేళ్ళు మందు లేకుండా ఆమె బాగుచేసిన నేల అది, తట్టెడు మట్టి తీస్తే వానపాములు ఉండేవి. విత్తనాల గుమ్ములు మా కొట్టంలోకి మార్చుకుంది. కూలికి వస్తానంది. అమ్మ ఒప్పుకోలేదు. తన 20 గుంటల్లో 5 గుంటలు అవ్వకు విడిచిపెట్టింది, కౌలు లేదు, పంట ఆమెదే. ఈ వానాకాలం అక్కడ నల్ల కంది మోకాలెత్తు లేచింది.

సంతోషించి, తమ్ముడితో ఒక కాగితం రాయిద్దాం, ఈసారి ఆమె పేరు కూడా గుంపులో ఎక్కిద్దాం అన్నాను.

అమ్మ చేట చెరుగుతూ తల ఎత్తకుండానే, "మనల మనకు కాగితమెందుకే?" అంది.